రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో మార్చిన డీఎన్ఎస్ రీస్టార్ట్ చేయగానే ఎందుకు పోతోంది?

మీరు అడిగింది ఇదీ: ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 లినక్స్ ఉంది. ఇంటి ఫైబర్ కనెక్షన్ మీద కొన్ని సైట్లు తెరుచుకోవట్లేదు, అవే సైట్లు ఫోన్‌లో మొబైల్ డేటా మీద బాగానే వస్తున్నాయి. డీఎన్ఎస్ (సైటు పేరు అడిగితే దాని నంబరు చెప్పే సర్వర్) మార్చి చూడమని ఎవరో చెబితే, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ (/etc/resolv.conf) ఫైల్ తెరిచి 8.8.8.8 అని రాశారు. రీస్టార్ట్ చేశాక మీరు రాసింది పోయి, దాని చోట 127.0.0.53 కనబడింది. ఇది వైరస్సేమోనని మీ టెన్షన్. ఆ ఫైల్‌కి తాళం వేసేస్తే ఇక ఎవరూ మార్చలేరని ఒక వీడియోలో చూశారు, వేయాలా వద్దా అని అడిగారు.

వైరస్ కాదు. తాళం వేయకండి. డీఎన్ఎస్‌ని సెట్టింగ్స్‌లోంచి మార్చండి, రెండు నిమిషాల పని. ఎలాగో కింద రాశాను. కానీ ముందు ఆ ఫైల్ సంగతి చెబుతాను. అది అర్థమైతే రేపు ఉబుంటు తీసేసి ఫెడోరా పెట్టుకున్నా మీకు ఇబ్బంది ఉండదు.

ఆ ఫైల్ ఇంటి ముందు ముగ్గు లాంటిది. మీరు వెళ్లి దాన్ని చెరిపి మీకు నచ్చిన ముగ్గు పెట్టినా, మర్నాడు పొద్దున్నే ఇంటావిడ నీళ్లు చల్లి మళ్లీ తన ముగ్గే వేస్తుంది. ఆవిడకి మీ మీద కోపం ఏమీ లేదు, అది ఆవిడ రోజూ చేసే పని. ముగ్గు మారాలంటే వేసే మనిషికి చెప్పాలి. ఉబుంటులో ఆ మనిషి పేరు సిస్టమ్‌డీ రిజాల్వ్డ్. ఆవిడకి ఏ ముగ్గు వేయాలో చెప్పేది నెట్‌వర్క్ మేనేజర్. మనం మాట్లాడాల్సింది ఈ రెండోవారితో.

పాత రోజుల్లో ఇలా ఉండేది కాదు. రిజాల్వ్ డాట్ కాన్ఫ్ నిజంగానే మన చేతిలో ఉండే ఫైల్. నేమ్‌సర్వర్ అని రాసి పక్కన నంబరు వేస్తే అయిపోయేది. అలాంటి లైన్లు మూడు వరకు పెట్టుకోవచ్చు, నాలుగోది రాసినా పట్టించుకోదు. మొదటి సర్వర్ పలకకపోతే 5 సెకన్లు ఆగి రెండోదాన్ని అడుగుతుంది. అందుకే మొదటి లైన్‌లో చచ్చిన సర్వర్ ఉంటే ప్రతి పేజీ 5 సెకన్లు ఆలోచించి తెరుచుకునేది, మనమేమో నెట్ స్లో అని కనెక్షన్ ఇచ్చినవాళ్లని తిట్టుకునేవాళ్లం. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో సగం ఆ కాలం నాటివే. మీకు ఎదురైంది కూడా అదే. సలహా అబద్ధం కాదు, దాని కాలం అయిపోయింది.

కంప్యూటర్ ఒకేచోట కూర్చుని ఉన్నంత కాలం ఆ పద్ధతి బాగానే నడిచింది. ల్యాప్‌టాప్ వచ్చాక ఇంట్లో ఒక వైఫై, ఆఫీసులో ఒకటి, మధ్యలో ఫోన్ హాట్‌స్పాట్, దానిమీద వీపీఎన్. ఒక్కోచోట ఒక్కో డీఎన్ఎస్. ఒక్క ఫైల్‌ని నలుగురు లాక్కుంటే ఎవరు చివర రాస్తే వాళ్లదే గెలుపు. ఈ తగువు తీర్చడానికే మధ్యవర్తిని, అంటే రిజాల్వ్డ్‌ని, పెట్టారు. ఉబుంటులో 18.04 నుంచి ఇదే పద్ధతి. ఫెడోరా 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి ఇదే దారి పట్టింది.

ఇప్పుడు 127.0.0.53 సంగతి. 127తో మొదలయ్యే నంబర్లన్నీ మీ కంప్యూటర్‌వే, ఆ దారిలో వెళ్లిన ప్రశ్న గుమ్మం దాటి బయటికి పోదు. డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లే పోర్టు నంబరు 53, కాబట్టి చివర ఆ 53 ఎక్కడిదో ఊహించుకోవచ్చు. మీ బ్రౌజర్ ఏదైనా పేరు అడిగితే ఆ ప్రశ్న ముందు ఈ నంబరు దగ్గర కూర్చున్న రిజాల్వ్డ్‌కి చేరుతుంది. తన దగ్గర జవాబు దాచి ఉంటే వెంటనే ఇచ్చేస్తుంది, లేకపోతే బయట ఉన్న అసలు సర్వర్‌ని అడిగి తెచ్చి ఇస్తుంది. కాబట్టి ఫైల్‌లో ఆ నంబరు ఉండటమే ఆరోగ్యం. డీఎన్ఎస్ మార్చాక కూడా అది అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. మార్చేది రిజాల్వ్డ్ బయట ఎవరిని అడగాలన్నది మాత్రమే.

ఇంకో విషయం. ఈటీసీలో మీకు కనబడేది నిజమైన ఫైల్ కాదు, రన్ అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైల్‌కి దారి చూపే లింకు. రన్ ఫోల్డర్ డిస్క్ మీద ఉండదు, మెమరీలో ఉంటుంది, మెషీన్ ఆపగానే పోతుంది. మీరు రాసింది ఎవరూ చెరపకపోయినా రీస్టార్ట్‌తో పోవాల్సిందే. ఆ ఫైల్ పైభాగంలో దీన్ని ఎడిట్ చేయొద్దని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. మీరు చదవలేదంటే తప్పు పట్టను, నేనూ మొదటిసారి చదవలేదు.

ఇక మార్చే పద్ధతి. సెట్టింగ్స్ తెరవండి. వైఫై అయితే వైఫై పేజీ, కేబుల్ అయితే నెట్‌వర్క్ పేజీ. మీరు కనెక్ట్ అయి ఉన్న పేరు పక్కన పళ్లచక్రం బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కండి. వచ్చిన కిటికీలో ఐపీవీ4 (ఇంటర్నెట్ అడ్రసుల పాత పద్ధతి) అనే ట్యాబ్‌కి వెళ్లండి. పైన మెథడ్ అనేచోట ఆటోమేటిక్ అని ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. చాలామంది అక్కడే మాన్యువల్ అని పెట్టేసి, కంప్యూటర్‌కి అడ్రసే లేకుండా చేసుకుని, డీఎన్ఎస్ మారిస్తే నెట్ పోయిందంటూ వస్తారు. మనకి కావలసింది ఇంకా కింద, డీఎన్ఎస్ అని రాసి ఉన్నచోట. దాని పక్కన కూడా ఆటోమేటిక్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ మాత్రం ఆపండి. కింద పెట్టెలో 1.1.1.1, 1.0.0.1 అని మధ్యలో కామా పెట్టి రాయండి, ఇవి క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీవి. గూగుల్‌వి కావాలంటే 8.8.8.8, 8.8.4.4.

ఇక్కడితో ఆగిపోతారు జనం. ఆగకండి. పక్కనే ఐపీవీ6 (అడ్రసుల కొత్త పద్ధతి) ట్యాబ్ ఉంది, దాంట్లో కూడా ఇదే పని చేయాలి. మన దగ్గర ఇప్పుడు చాలా ఇంటి కనెక్షన్లకి ఐపీవీ6 కూడా వస్తోంది. రౌటర్ ఆ దారిలో తన డీఎన్ఎస్ నంబరు విడిగా పంపుతుంది. మీరు ఐపీవీ4లో ఎంత శుభ్రంగా మార్చినా, ప్రశ్నలు ఆ రెండో తలుపులోంచి పాత సర్వర్‌కే వెళ్తుండొచ్చు. డీఎన్ఎస్ మార్చినా తేడా లేదనేవాళ్లలో నేను చూసినంతలో సగానికి పైగా ఇదే కారణం. ఐపీవీ6లో క్లౌడ్‌ఫ్లేర్ నంబరు 2606:4700:4700::1111, గూగుల్‌ది 2001:4860:4860::8888. లేదా అక్కడ స్విచ్ ఆపేసి పెట్టె ఖాళీగా వదిలేసినా చాలు. పేర్లు ఐపీవీ4 సర్వర్‌ని అడిగే తెలుసుకుంటుంది, ఐపీవీ6 అడ్రసులు కూడా ఆ సర్వరే చెప్పగలదు.

అప్లై నొక్కాక ఒకసారి వైఫై ఆపి మళ్లీ వేయండి. అప్లై కొట్టగానే కొత్త నంబర్లు వచ్చేయవు, కనెక్షన్ మళ్లీ కలిసినప్పుడే వస్తాయి. దీనికోసం మెషీన్ రీస్టార్ట్ చేయక్కర్లేదు.

మారిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడా ఒక గోతి ఉంది. డిగ్ కమాండ్ కొడితే కింద సర్వర్ అనేచోట ఎప్పుడూ 127.0.0.53 అనే చూపిస్తుంది, ఎందుకంటే డిగ్ అడిగింది ఇంట్లో ఉన్న మధ్యవర్తినే. అది చూసి మారలేదనుకుని మళ్లీ మొదటికొస్తారు. అడగాల్సింది రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అనే కమాండ్‌ని. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఒక్క జాగ్రత్త: ఫైల్ పేరులో రిజాల్వ్‌కి చివర ఇంగ్లిష్ e అక్షరం ఉండదు (resolv), ఈ కమాండ్‌లో ఉంటుంది (resolvectl). ఎవరు పెట్టారో గానీ ఇరవయ్యేళ్లు వాడినవాళ్లు కూడా తడబడతారు.) దాంట్లో మొదట గ్లోబల్ అని ఒక ముక్క, తర్వాత మీ వైఫై కార్డు పేరుతో ఒక ముక్క వస్తాయి. రెండో ముక్కలో డీఎన్ఎస్ సర్వర్స్ పక్కన మీరు రాసిన నంబర్లు మాత్రమే ఉండాలి. 192.168తో మొదలయ్యేది గానీ, మీరు రాయని పొడుగాటి ఐపీవీ6 నంబరు గానీ ఇంకా కనబడుతుంటే ఏదో ఒక స్విచ్ ఆపలేదన్నమాట. పైన గ్లోబల్ ముక్కలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ మోడ్ అనేచోట స్టబ్ అని ఉండాలి. ఫారిన్ అని ఉంటే, మీరు ఫైల్‌తో ఆడిన ఆట ఇంకా మిగిలే ఉంది. దాని మందు తర్వాత చెబుతాను.

టెర్మినల్ అలవాటున్నవాళ్లకి ఇదే పని ఎన్ఎంసీఎల్ఐ (నెట్‌వర్క్ మేనేజర్‌తో మాట్లాడే కమాండ్)తో అవుతుంది. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో అంటే పేర్లు చూపిస్తుంది. తర్వాత ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై అని, కనెక్షన్ పేరు కొటేషన్లలో పెట్టి, ఐపీవీ4 డాట్ డీఎన్ఎస్ అని రాసి, పక్కన నంబర్లు ఇవ్వాలి. అదే లైన్‌లో ఐపీవీ4 డాట్ ఇగ్నోర్ హైఫన్ ఆటో హైఫన్ డీఎన్ఎస్ అని, ఖాళీ వదిలి yes అని చేర్చాలి. ఈ చివరిది మరిచిపోతే మీ నంబర్లతో పాటు రౌటర్ నంబరూ జాబితాలో ఉండిపోతుంది. ఐపీవీ6కి మళ్లీ ఇదే. చివర కనెక్షన్ అప్. లినక్స్ మింట్‌లోనూ డెబియన్ డెస్క్‌టాప్‌లోనూ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్‌లోనూ నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే ఈ కమాండ్లు మారవు. డెబియన్‌లో సాధారణంగా మధ్యవర్తి ఉండదు, నెట్‌వర్క్ మేనేజరే నేరుగా ఆ ఫైల్ రాస్తుంది. అక్కడ 127.0.0.53 కనబడదు, కంగారు పడకండి. ముగ్గు వేసే మనిషి మారిందంతే.

ఇప్పుడు తాళం గురించి. ఆ వీడియోలో చెప్పింది సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ అనే కమాండ్ అయి ఉంటుంది. ముందు లింకు తీసేసి, మామూలు ఫైల్ పెట్టి, దానికి ఆ తాళం వేయమంటారు. పనిచేస్తుంది, అదే దాంతో చిక్కు. 2015లో నేను ఒక కాలేజీ ల్యాబ్‌లో 30 మెషీన్లు చూసేవాణ్ని. నంబర్లు మాటిమాటికీ మారుతున్నాయని విసుగొచ్చి, రౌటర్ నంబరు 192.168.1.1 అని రాసి అన్నిటికీ తాళం వేసేశాను. నెలలు గడిచాయి. ఎవరో రౌటర్ మార్చారు, కొత్తదాని నంబరు 192.168.0.1. ఆ రోజు పొద్దున ల్యాబ్‌లో ఏ సైటూ తెరుచుకోలేదు. పింగ్ చేస్తే 8.8.8.8 పలుకుతోంది, అడ్రసులు అందరికీ వస్తున్నాయి, కానీ పేరుతో ఏదీ రాదు. కొత్తగా చేరిన కుర్రాడు పాపం రూట్‌గా (అన్ని హక్కులూ ఉండే యూజర్‌గా) ఫైల్ తెరిచి సవరిస్తుంటే ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటోంది. రూట్‌కి కూడా పర్మిషన్ లేకపోవడమేంటని వాడు డిస్క్ పాడైందనుకుని ఫైల్ సిస్టమ్ చెకింగ్ మొదలుపెట్టాడు. తాళం వేసింది నేనేనని నాకు గుర్తుకొచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ కమాండ్ ఆ ఫైల్ మీద వాడలేదు.

మీరు అప్పటికే అలా చేసి ఉంటే, లేదా స్టేటస్‌లో ఫారిన్ అని కనబడితే, వెనక్కి తెచ్చే దారి ఇది. తాళం ఉంటే సుడో సీహెచ్ఏటీటీఆర్ మైనస్ ఐ అని తీసేయండి. తర్వాత ఎల్ఎన్ మైనస్ ఎస్ఎఫ్ కమాండ్‌తో, రన్ ఫోల్డర్‌లో సిస్టమ్‌డీ, దానిలో రిజాల్వ్, దానిలో ఉన్న స్టబ్ హైఫన్ రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌కి లింకు చేసి, ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే పేరుతో పెట్టండి. ఫోల్డర్ పేరు రిజాల్వ్‌లో e ఉంటుంది, ఫైల్ పేరులో ఉండదు. మళ్లీ అదే తలనొప్పి.

సెట్టింగ్స్‌లో చేసిన మార్పు ఆ ఒక్క వైఫైకే వర్తిస్తుందని గుర్తుంచుకోండి. అత్తగారింటి వైఫైకి కలిస్తే అక్కడి డీఎన్ఎస్సే వస్తుంది. నా లెక్కలో అది లోపం కాదు, మంచిదే. ఎక్కడికెళ్లినా ఒకే సర్వర్ కావాలనుకునేవాళ్లు మాత్రం ఈటీసీలో సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో రిజాల్వ్డ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ సవరించాలి (ఇది సవరించడానికే ఉన్న ఫైల్, భయం లేదు). డీఎన్ఎస్ అనే లైన్ ముందున్న # గుర్తు తీసి నంబర్లు రాయండి. ఒక్క ఆ లైన్ రాస్తే చాలదు, వైఫై ఇచ్చే సర్వర్‌ని కూడా అడుగుతూనే ఉంటుంది. డొమైన్స్ అనే లైన్‌లో ~. అని, అంటే అలల గీత పక్కన చుక్క, పెడితే అప్పుడు అన్ని పేర్లకీ మీ సర్వర్‌నే అడుగుతుంది. ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ హైఫన్ రిజాల్వ్డ్.

అదే ఫైల్‌లో డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ అని ఇంకో లైన్ ఉంటుంది. మామూలు డీఎన్ఎస్ ప్రశ్నలు పోస్ట్‌కార్డు లాంటివి, దారిలో ఎవరైనా చదవొచ్చు. ఈ లైన్‌లో yes అని పెడితే అవే ప్రశ్నలు 853 పోర్టు మీద, కవరులో పెట్టి అంటించినట్టు వెళ్తాయి. నంబరు పక్కన # పెట్టి ఆ సర్వర్ పేరు కూడా రాస్తే, మాట్లాడుతున్నది అసలు సర్వర్‌తోనేనా అని సరిచూసుకుంటుంది. ఈ # మధ్యలో వచ్చేది, లైన్ మొదట్లో వచ్చే # లాంటిది కాదు. 1.1.1.1కి ఆ పేరు క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్, 9.9.9.9కి డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. రైల్వే స్టేషన్, హోటల్ లాంటి చోట్ల వైఫైకి కలవగానే ఫోన్ నంబరూ ఓటీపీ అడిగే పేజీ వస్తుంది కదా, ఆ పేజీ రావాలంటే వాళ్ల డీఎన్ఎస్ మాట వినాలి. మీరు వినను అని కూర్చుంటే పేజీ రాదు, నెట్ రాదు. yes బదులు ఆపర్చునిస్టిక్ (కుదిరితే కవరు, లేకపోతే మామూలుగా) అని పెట్టినా మీ సర్వర్‌నే పట్టుకుని ఉంటే చిక్కు పోదు. ఎక్కువ తిరిగేవాళ్లకి నేను ఈ గ్లోబల్ పద్ధతి చెప్పను, ఇంటి వైఫైకి మాత్రమే మార్చుకోమంటాను. ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకి కూడా అంతే. ఆఫీసు లోపలి సైట్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్‌కే తెలుసు, 8.8.8.8కి తెలియవు.

సర్వర్ మెషీన్ అయితే దారి వేరు. ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ ఉంటుంది, ఈటీసీలో నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో యామల్ ఫైల్ సవరించాలి. ట్యాబ్ కొట్టకండి, ఖాళీలే వాడండి. దూరంగా ఉన్న మెషీన్ అయితే అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడండి, 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత స్థితికి వచ్చేస్తుంది. మీది ల్యాప్‌టాప్ కాబట్టి ఇది ఇంతటితో వదిలేస్తున్నా.

ఏ సర్వర్ పెట్టాలని అందరూ అడుగుతారు. గూగుల్‌ది 2009 నుంచి ఉంది, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 వచ్చింది 2018 ఏప్రిల్ 1న (ఏప్రిల్ ఫూల్ అనుకున్నాం చాలామందిమి). 9.9.9.9 క్వాడ్9 వాళ్లది, మోసపు సైట్లుగా తేలిన పేర్లకి జవాబివ్వదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మెషీన్లలో నేను పెట్టేది అదే. నకిలీ బ్యాంకు లింకుల్లో కొన్నైనా అక్కడే ఆగిపోతాయి. పిల్లల కోసం క్లౌడ్‌ఫ్లేర్‌దే 1.1.1.3 ఉంది, పెద్దల సైట్లు కూడా ఆపుతుంది. అయితే మొదట 1.1.1.3 పెట్టి, ఒకవేళ అది పలకకపోతే అని రెండోది 8.8.8.8 పెడుతుంటారు కొందరు. రిజాల్వ్డ్‌కి మొదటిది ముఖ్యం, రెండోది తోక అనే పట్టింపు లేదు. ఒకసారి మొదటిది పలకక రెండోదానికి మారితే, అది పనిచేసినంతసేపూ అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మీ జల్లెడకి అడుగు ఊడిపోయినట్టే. వడపోత కావాలంటే రెండూ వడపోసేవే పెట్టాలి, 1.1.1.3తో 1.0.0.3.

స్పీడ్ పెరుగుతుందా? డౌన్‌లోడ్ స్పీడ్ ఒక్క కేబీ కూడా పెరగదు. పేరుకి నంబరు వెతికే సమయం కొన్ని మిల్లీసెకన్లు తగ్గొచ్చు, పెరగొచ్చు కూడా. వీడియోలు ఎక్కువ చూసేవాళ్లకి నేను ఒక్కోసారి కనెక్షన్‌తో వచ్చిన డీఎన్ఎస్సే ఉంచుకోమంటాను. పెద్ద వీడియో సంస్థలు తమ నకలు సర్వర్లని దేశమంతటా, కొన్నిసార్లు ఇంటర్నెట్ కంపెనీల లోపలే పెడతాయి. మీకు దగ్గరి సర్వర్ ఏదో అవి చాలాసార్లు డీఎన్ఎస్ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో చూసి నిర్ణయిస్తాయి. గూగుల్ సర్వర్ మీ నెట్‌వర్క్ ఏదో అవతలివాళ్లకి కొంత సూచిస్తుంది, క్లౌడ్‌ఫ్లేర్ ప్రైవసీ పేరుతో ఆ సూచన ఇవ్వదు. ఏది మేలో మీ ఇంట్లో పెట్టి చూసుకోవడమే.

మార్చాక కూడా పాత జవాబులే వస్తున్నట్టు అనిపిస్తే రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్ హైఫన్ క్యాషెస్ కొట్టండి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ పేజీ అడుగున డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ అని ఉంటుంది. అది ఆన్ అయి ఉంటే ఫైర్‌ఫాక్స్ ముందు మీ సిస్టమ్‌ని అడగదు, తన సర్వర్‌ని తానే అడుగుతుంది. క్రోమ్‌లో కూడా సెక్యూర్ డీఎన్ఎస్ అని ఇలాంటిదే ఉంది. ఈటీసీలో హోస్ట్స్ ఫైల్ కూడా ఒకసారి చూడండి. డీఎన్ఎస్ కంటే ముందు దాన్నే చూస్తుంది మెషీన్, ఎప్పుడో రాసి మరిచిపోయిన లైన్ ఉంటే ఏ సర్వర్ పెట్టినా లాభం లేదు.

చివరిగా మీ అసలు జబ్బు. మీరు 8.8.8.8 రాశాక ఆ సైట్లు వచ్చాయో లేదో ప్రశ్నలో రాయలేదు. ఫైల్ సేవ్ అయిందనే రాశారు. అందుకే ఇది డీఎన్ఎస్ సమస్యేనని నేను ఇప్పుడే ఒప్పుకోను. తెరుచుకోని సైటు పేరుతో రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ కొట్టండి. నంబరు రాకపోతే డీఎన్ఎస్‌దే తప్పు. నంబరు సరిగ్గా వచ్చి బ్రౌజర్ మాత్రం తిరుగుతూ ఉంటే డీఎన్ఎస్‌ని వదిలేయండి. ఫైబర్ కనెక్షన్లలో, ముఖ్యంగా యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో రౌటర్ లాగిన్ అయ్యే పీపీపీఓఈ పద్ధతిలో, ప్యాకెట్ సైజు 1500 కాదు, 1492. రౌటర్‌లో అది సరిగ్గా లేకపోతే కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకుండా పోతాయి, అచ్చం మీరు చెప్పిన లక్షణమే. పింగ్‌కి మైనస్ పెద్ద ఎమ్ డూ, మైనస్ ఎస్ 1464 అని జోడించి 1.1.1.1కి కొట్టి చూడండి. 1464కి హెడర్ల 28 కలిపితే 1492. అది వెళ్లకుండా 1400తో వెళ్తోందంటే దొంగ దొరికినట్టే, పిలవాల్సింది కనెక్షన్ ఇచ్చినవాళ్లని.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. కొన్ని నెట్‌వర్కుల్లో మీరు 8.8.8.8కి పంపిన ప్రశ్నని దారిలోనే పట్టుకుని, వాళ్ల సర్వర్‌తోనే జవాబు చెప్పించి, 8.8.8.8 చెప్పినట్టే మీకు ఇస్తారు. కనిపెట్టడం తేలిక. 192.0.2.1 అనే నంబరు పుస్తకాల్లో ఉదాహరణల కోసం కేటాయించింది, లోకంలో ఎవరికీ ఇవ్వరు, అక్కడ ఏ సర్వరూ ఉండదు. డిగ్ అని, ఖాళీ వదిలి @192.0.2.1 అని, పక్కన ఏదో ఒక సైటు పేరు ఇచ్చి అడగండి. కాసేపు ఆగి టైమవుట్ అనాలి. జవాబు వచ్చిందంటే ఎవరో దారి కాస్తున్నారని అర్థం. అప్పుడు నంబర్లు ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు, పైన చెప్పిన 853 పోర్టు పద్ధతి లాంటి, ప్రశ్నని కవరులో పెట్టి పంపే దారే పనికొస్తుంది. ప్రభుత్వ ఆదేశంతో ఆపిన సైట్ల సంగతి వేరు, వాటిని కొన్నిచోట్ల డీఎన్ఎస్ దగ్గరే కాకుండా ఇంకా కిందిదాకా ఆపుతారు, ఆ చర్చ ఇక్కడ వద్దు.

ముందు ఐపీవీ4, ఐపీవీ6 రెండూ మార్చండి. ఆ తర్వాత రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో వచ్చింది, ఒక తెరుచుకోని సైటు మీద క్వెరీ ఫలితం, 192.0.2.1 ఏమన్నదీ ఈ మూడూ కాపీ చేసి పెట్టండి. మీ పబ్లిక్ ఐపీ ఎక్కడైనా కనబడితే చెరిపేసి పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.